గుర్రపుడెక్క చెరువు, కరిగిపోయిన బృందం: ఒక కేస్ స్టడీ

వాలంటీర్ బృందాలకు పని నేర్పడం నా వృత్తి. చెత్త ఏరేవాళ్లు, మొక్కలు నాటేవాళ్లు, పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లు, అన్ని రకాల వాళ్లతోనూ తిరుగుతాను. బృందం మొదలైనప్పుడు నన్నెవరూ పిలవరు. చతికిలబడ్డాక ఫోన్ వస్తుంది. ఈ కేసూ అలా వచ్చిందే.

చెరువు మరీ పెద్దది కాదు. ఒక వైపు గట్టు, గట్టు మధ్యలో తూము, మిగతా మూడు వైపులా ఇళ్లు. నీటి మీద ముప్పాతిక భాగం గుర్రపుడెక్క, అంటే నీళ్ల మీద తేలుతూ పరుచుకునే కలుపు మొక్క. ఆదివారం ఆదివారం శ్రమదానం అని పిలుపిస్తే మొదట్లో గట్టు మీద నిలబడటానికి చోటు లేనంత మంది వచ్చారట. నేను వెళ్లేసరికి నిర్వాహకుడు, ఆయన భార్య, వాళ్లకు మొహమాటపడి వస్తున్న ఒకరిద్దరు మిగిలారు. "జనానికి ఓపిక లేదండీ. ఫొటో దిగుతారు, పోతారు" అన్నారాయన. దాదాపు ప్రతి బృందం దగ్గరా ఈ మాట వింటాను. అది నిజమో కాదో తేలకుండా కొత్తవాళ్లను పోగేయడం దండగ. అందుకని ముందు చెరువును చూశాను, తర్వాత మానేసిన వాళ్లతో మాట్లాడాను.

చెరువు లెక్క

గుర్రపుడెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. ఊదారంగు పూలు బాగున్నాయని తోటల కోసం దేశదేశాలకు మోసుకెళ్లారు, ఆ తర్వాత ఎవరి చేతుల్లోనూ లేకుండా పోయింది. తల్లి మొక్క నుంచి పక్కకు ఒక కాడ సాగుతుంది, దాని చివర పిల్ల మొక్క తయారవుతుంది, ఆ పిల్ల మళ్లీ కాడ చాపుతుంది. ఎండ, మురుగునీటితో వచ్చే నత్రజని, భాస్వరం దండిగా ఉంటే ఒకటి రెండు వారాల్లో రెట్టింపవుతుంది. రాలిన విత్తనాలు అడుగున బురదలో పదిహేను, ఇరవై ఏళ్ల దాకా బతికే ఉండగలవు.

ఇప్పుడు శ్రమదానం వైపు నుంచి చూడండి. ఆదివారం పొద్దున్న ఎంతో కష్టపడి పదో వంతు తీశారనుకుందాం. మిగిలిన తొమ్మిది వంతులకూ అంతకుముందు లేని సౌకర్యం ఒకటి దొరికింది: పక్కన ఖాళీ నీళ్లు. రెండు వారాల్లో రెట్టింపయ్యే వేగమైతే తీసిన చోటు వచ్చే ఆదివారానికి పూడిపోవడానికి అడ్డేముంది? పైగా మొక్క బరువులో తొంభై శాతానికి మించి నీళ్లే. దట్టంగా పరుచుకున్న చోట హెక్టారుకు వందల టన్నులు తూగుతుంది. అంటే మనుషులు చేతులు మారుస్తూ మోసింది చాలావరకు నీళ్లనే. మోసిందాన్ని గట్టు అంచునే కుప్పలు పోశారు. వాన పడగానే అందులో సగం జారి మళ్లీ చెరువులోకి వెళ్లింది, మిగతా సగం అక్కడే కుళ్లి, దాన్ని పెంచిన పోషకాలనే తిరిగి నీళ్లకు అప్పజెప్పింది.

ఇంత జరిగాక జనం రావడం లేదంటే అది ఓపిక లేకపోవడం ఎలా అవుతుంది? పోయినసారి చేసిన పని ఈసారి కనపడకపోతే ఎవరైనా మానేస్తారు. నేనైనా అంతే.

మానేసిన వాళ్లు చెప్పింది

హాజరు పుస్తకంలో ఫోన్ నంబర్లు ఉన్నాయి. కానీ మానేసిన వాళ్లకు ఎవరూ ఫోన్ చేసి ఎందుకు రావడం లేదని అడిగినట్టు లేదు. నేను చేశాను.

కాలేజీ అమ్మాయి ఒకామె నేను అడగక ముందే చెప్పేసింది. "మేడమ్, పోయిన వారం తీసిన చోటే మళ్లీ తీశాం. ఆ పై వారం కూడా అక్కడే. మా ఇంట్లో ఇంకా క్లీన్ కాలేదా మీ చెరువు అని నవ్వుతున్నారు."

రిటైరైన సైన్స్ మాస్టారు ఒకాయన: "నాకు నడుం వంగదమ్మా. పార పట్టుకోలేను. ఊరికే నిలబడితే సిగ్గుగా ఉంటుంది. వంగకుండా చేసే పనుంటే చెప్పు, రోజూ వస్తాను."

ఇంకొకాయన వచ్చిన మొదటి రోజు ఏం చేయాలో ఎవరూ చెప్పక గంటసేపు నిలబడి, గ్రూప్ ఫొటోకి మాత్రం ఆయన్నీ పిలిస్తే, దిగి ఇంటికి వెళ్లిపోయారు. ఫొటోలకు వచ్చేవాళ్ల లెక్కలో ఆయనా ఉన్నారన్నమాట. ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు గొంతు తగ్గించి చెప్పిన కారణం ఒకటే: మూడు గంటలు పని, దగ్గర్లో టాయిలెట్ లేదు, తడిసిన బట్టలు మార్చుకోవడానికి చాటు లేదు. ఒకరికి గాజుపెంకు గుచ్చుకుంటే కట్టు కట్టడానికి అక్కడ ఏమీ లేదని, అప్పటి నుంచి పిల్లల్ని పంపడం మానేశామని మరొకరు. ఆ పెంకు విషయం నిర్వాహకుడికి తెలియనే తెలియదు.

చెరువు మీద ప్రేమ తగ్గిందని ఒక్కరూ అనలేదు. చాలామంది ఇప్పటికీ సాయంత్రాలు ఆ గట్టు మీదే నడుస్తున్నారు.

పనిని విడదీయడం

నిర్వాహకుడితో నాకు మొదటి వాదన ఇక్కడే వచ్చింది. మొత్తం చెరువును వాలంటీర్లతోనే శుభ్రం చేయించాలన్నది ఆయన పట్టుదల. ముప్పాతిక చెరువు నిండిన గుర్రపుడెక్కను తీయడం యంత్రాల పని, ఆ చెరువు ఏ శాఖ ఆధీనంలో ఉందో వాళ్ల బాధ్యత అని నేనన్నాను. ఆదివారపు శ్రమదానాన్ని దానికి బదులుగా పెడితే శాఖకు సుఖం, వాలంటీర్లకు నడుం నొప్పి. అయితే యంత్రం వచ్చి వెళ్లాక జరిగేదాన్ని ఏ శాఖా చూసుకోలేదు. అంచుల్లో, రెల్లు దుబ్బుల మధ్య, రాళ్ల సందుల్లో తునకలు మిగులుతాయి. బురదలోని విత్తనాలకు వెలుతురు తగిలి మొలకలు లేస్తాయి. ఒంటి చేత్తో పీకగలిగే దశలో వాటిని పట్టుకోవాలంటే ఎవరో ఒకరు వారం వారం వచ్చి చూడాలి. గట్టు పక్కనే ఉండేవాళ్లకు సాధ్యమయ్యే పని అదొక్కటే, జీతగాడితో చేయించలేని పనీ అదే.

పురుగుల్ని వదలొచ్చు కదా అని ఒకరు అడిగారు. గుర్రపుడెక్కనే తినే నియోకెటినా అనే ముక్కుపురుగులు ఉన్న మాట నిజమే, 1990లలో ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో వాటిని వాడారు కూడా. కానీ అది కీటకశాస్త్రం తెలిసిన ప్రభుత్వ సంస్థలు చేయాల్సిన పని, ఫలితానికి ఏళ్లు పడుతుంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో తేలేది కాదు. తీసిన మొక్కతో ఎరువు చేసి పంచుదాం అన్న ప్రతిపాదనకూ నేను అడ్డుపడ్డాను. గుర్రపుడెక్క మురుగునీటి నుంచి సీసం, కాడ్మియం లాంటి లోహాలను కూడా పీల్చుకుంటుంది. పరీక్ష చేయించకుండా ఆ ఎరువును కూరగాయ మొక్కలకు వేయకూడదు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? అందరి చూపూ మురుగు కాలువ కలిసే మూల వైపే. అన్నిటికన్నా అసహ్యంగా ఉండేది అదే కాబట్టి. నేను దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మూలను చూపించాను. అక్కడ జమ్ము, తుంగ ఇంకా బతికున్నాయి, నాలుగు కలువలు కూడా. ఈ పద్ధతి నా సొంతం కాదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు 1960లలో తాము రోజూ నడిచే అడవిలో కలుపు పీకుతూ పీకుతూ తేల్చిన పద్ధతి. వాళ్లు చెప్పినవి మూడే. బాగున్న చోట మొదలుపెట్టి పాడైన చోటికి జరగాలి. నేలను వీలైనంత తక్కువ కదపాలి. స్థానిక మొక్కలు ఎంత వేగంగా తిరిగి లేస్తున్నాయో అంత వేగంగానే కలుపు తీసుకుంటూ పోవాలి, తొందరపడి ముందుకు దూకకూడదు. వాళ్లది అడవి, మాది చెరువు, కాబట్టి అన్నీ అచ్చంగా కుదరవు. మూడోది మాత్రం ఇక్కడా అక్షరాలా పనికొచ్చింది. మొక్కల్ని తీసేసి ఖాళీగా వదిలిన నీటిని గుర్రపుడెక్క ఆక్రమిస్తుంది, జమ్ము సర్దుకున్న అంచులో దానికి చోటు దొరకడం కష్టం.

శాఖకు అర్జీ పెట్టాం. యంత్రం రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చినప్పుడు ఆ మంచి మూల నుంచి మొదలుపెట్టించడానికి, తీసినదాన్ని గట్టుకు అవతల ఎండబెట్టించడానికి నిర్వాహకుడు యంత్రం వెంటే తిరిగారు. ఆయన పట్టుదల అక్కడ బాగా పనికొచ్చింది.

వంతులు

అంచును పది మీటర్ల చొప్పున ముక్కలు చేశాం. ముక్క చివర గట్టు రాయి మీద పెయింటుతో అంకె. ఒక్కో ముక్క ఒక కుటుంబానికి గానీ, ఇద్దరు స్నేహితులకు గానీ. వారంలో ఏ రోజైనా, ఏ వేళైనా వచ్చి, తమ ముక్క చూసుకుని, కనిపించిన మొలకలు తీసి, నోట్‌బుక్‌లో ఒక గీత రాసి వెళ్లిపోవచ్చు. అందరూ కలిసేది నెలకొకసారి. ఆదివారం హాజరు అనే టెన్షన్ తీసేయగానే, పరీక్షలున్న పిల్లలూ షిఫ్టు డ్యూటీల వాళ్లూ కూడా ఒప్పుకున్నారు.

ఆ కాలేజీ అమ్మాయికి వచ్చిన ముక్కలో రాళ్లెక్కువ. మొదటిసారి ఆమెతో కూర్చున్నాను. అరచేతిలో పట్టేంత మొక్క రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. ఆకు పట్టుకుని లాగబోయింది. "ఆగమ్మా, ముందు కింద చెయ్యి పెట్టి తడిమి చూడు" అన్నాను. చెయ్యి పెట్టింది. కాడ రాయి కింద నుంచి అవతలికి పోతోంది. మెల్లగా రాయి జరిపితే దాని చివర బొటనవేలంత పిల్ల మొక్క, దాని కింద అప్పుడే దిగుతున్న నల్లటి ఈకల్లాంటి వేళ్లు. ఆకు పట్టి లాగి ఉంటే కాడ తెగి పిల్ల అక్కడే ఉండిపోయేది, తీసేశామని మేమిద్దరం ఇంటికి వెళ్లేవాళ్లం. రెండూ కలిపి ఎత్తి గట్టుకు అవతల పడేశాం. ఆ తర్వాత కొత్తగా వచ్చిన వాళ్లకు రాయి జరపడం నేర్పింది ఆమే, నా అవసరం లేకపోయింది.

మాస్టారి చేతికి పళ్లెం

నడుం వంగని మాస్టారికి నీళ్ల తేట కొలిచే పని ఇచ్చాను. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త, పోప్ నౌక మీద నుంచి మధ్యధరా సముద్రంలోకి తెల్లటి పళ్లెం దించి, అది కనుమరుగయ్యే లోతుతో నీటి తేటను కొలిచారు. నేటికీ ఆ పద్ధతి వాడుకలో ఉంది. ఇప్పుడు మంచినీటిలో వాడేది ఇరవై సెంటీమీటర్ల పళ్లెం, నాలుగు భాగాలు, ఒకటి విడిచి ఒకటి నలుపు తెలుపు. పాత డబ్బా మూతకు రంగు వేసి, మధ్యలో బరువు కట్టి, తాడుకు ముళ్లు వేసి ఆయనే తయారు చేశారు.

ఆ పళ్లెం చేతికొచ్చాక ఆయనలోని మాస్టారు మేలుకున్నారు. కొలిచేది తూము మెట్ల దగ్గరే, ఎందుకంటే మిగతా చోట్ల లోతు చాలక పళ్లెం కనుమరుగయ్యే లోపే అడుగు తగులుతుంది. ఎప్పుడూ అదే మెట్టు, అదే వేళ. నీళ్ల మీద మెరుపు పడకుండా నీడ వైపు నుంచి చూడాలి. చలువ కళ్లద్దాలు తీసేయాలి. పళ్లెం మాయమైన లోతు ఒకటి, పైకి లాగుతుంటే మళ్లీ కనపడిన లోతు ఒకటి, రెండింటి సగటు రాయాలి. ఒకరోజు నిర్వాహకుడు కాస్త ఉజ్జాయింపుగా రాయబోతే, "ఉజ్జాయింపుకి ఇంత దూరం రావడం ఎందుకు నాయనా" అన్నారు. ఆయన చుట్టూ పిల్లలు చేరడం మొదలైంది. పిల్లల వెంట తల్లులు వచ్చారు.

అలాగే గట్టు మీద నాలుగు చోట్ల నేల మీద పాదాల గుర్తులు గీయించాం. అక్కడ నిలబడి, అదే దిక్కుకు, నెలకొక ఫొటో. గ్రూప్ ఫొటోలు మానమని నేను చెప్పలేదు, దిగనివ్వండి. కానీ మొహమాటం లేకుండా నిజం చెప్పేది ఆ ఖాళీ ఫొటోలే.

నడకకు వచ్చేవాళ్లు

సాయంత్రాలు గట్టు మీద నడిచే మానేసినవాళ్ల సంగతి చెప్పాను కదా. వాళ్లను పనికి రమ్మని అడగలేదు. నెలకొకసారి తెల్లవారుజామున పక్షుల నడక పెట్టాం. పనిముట్లు లేవు, ఉపన్యాసం లేదు, బైనాక్యులర్ ఉన్నవాళ్లు పక్కవాళ్లకు ఇస్తారు. చూసిన పక్షుల్ని అమెరికాలోని కార్నెల్ పక్షి ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ అనే ఆన్‌లైన్ పక్షుల చిట్టాలో ఎక్కిస్తాం. ఎంతసేపు నడిచాం, ఎంత దూరం, కనిపించి గుర్తుపట్టగలిగినవన్నీ రాశామా అన్నది అందులో ముఖ్యం. కాకుల్ని వదిలేసి లకుముకి పిట్టను మాత్రం రాస్తే అది పూర్తి జాబితా కింద లెక్కలోకి రాదు.

మామూలు మనుషులు రాసిన పక్షుల లెక్కలకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో క్రిస్మస్ నాడు పోటీపడి పక్షుల్ని కాల్చే అలవాటుకు బదులుగా, ఈసారి లెక్కపెడదాం అని ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త 1900లో పిలుపిస్తే వచ్చింది ఇరవై ఏడు మంది. ఆ లెక్క ఏటా ఇప్పటికీ సాగుతోంది. చిన్న సంఖ్యతో మొదలవడం నామోషీ అనుకునే నిర్వాహకులకు ఈ సంగతి చెబుతుంటాను.

ఈ నడకల వల్లే పెద్ద గొడవ కూడా వచ్చింది. చెరువు చుట్టూ మొక్కలు నాటాలని బృందంలో సగం మంది కోరిక. దాతలు కూడా దొరికారు. అయితే నీళ్లు తగ్గే రోజుల్లో ఒక వైపు బురద మేట బయటపడుతుంది, బురదలో ముక్కు గుచ్చి తినే ఉల్లంకి పిట్టలు దిగేది అక్కడే. మన కంటికి ఖాళీగా కనిపించే ఆ బురదే వాటికి తిండి. అక్కడ చెట్లు పెంచితే ఆ పిట్టలు పోతాయి. నాటడానికి గట్టు వెనకాల చోటు చూపించాను. కొందరు ఒప్పుకోలేదు, ఇద్దరు ముగ్గురు బృందం వదిలి వెళ్లారు కూడా. వెళ్తే వెళ్లారు. మొక్క నాటడం ఎప్పుడూ మంచి పనే అన్న నమ్మకాన్ని ఒక్క సమావేశంలో మార్చలేం, దానికోసం బురద మేటను వదులుకోలేం.

గాజుపెంకు సంగతి

ఇది క్లుప్తంగా చెబుతాను గానీ, అన్నిటికన్నా ముందు చేసింది ఇదే. మోకాలి లోతు దాటి ఎవరూ దిగకూడదు, ఒంటరిగా అసలు దిగకూడదు. గమ్ బూట్లు, మందపాటి గ్లౌజులు లేకుండా అంచు ముట్టకూడదు. గుర్రపుడెక్క కింద పాములు దాగుతాయి కాబట్టి ముందు పొడవాటి కర్రతో కదిపి, కాసేపు ఆగి, అప్పుడు చెయ్యి పెట్టాలి. సిరంజి కనిపిస్తే చేత్తో తీయొద్దు, పట్టకారుతో గట్టి డబ్బాలో వేయాలి. చేతికో కాలికో గాయం ఉన్నవాళ్లకు ఆ రోజు నోట్‌బుక్ పని. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు గాయాల్లోంచి తేలిగ్గా లోపలికి వెళ్తుంది. పని చేసిన నెల రోజుల్లోపు జ్వరం వస్తే, చెరువులో దిగామని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఉరుము వినపడితే పని ఆపి లోపలికి వెళ్లిపోవాలి, చెట్టు కిందకు కాదు. గట్టుకు దగ్గరి ఇంటివాళ్లు పని ఉన్న రోజుల్లో బాత్‌రూమ్ వాడుకోనిస్తామన్నారు. ఆడవాళ్ల హాజరు పెరగడానికి నేను చేసిన మిగతా పనులన్నీ కలిపినా ఆ ఒక్క తలుపుకు సరిరావు.

కొత్తవాళ్లు వస్తే మొదటి పది నిమిషాలు ఒకరు వాళ్లతోనే ఉండాలి. పేరు అడగాలి, ఏ పని ఇష్టమో అడగాలి, టాయిలెట్ ఎక్కడో, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఎక్కడో చూపించాలి, వెళ్లే ముందు పూర్తయ్యేలాంటి చిన్న పని ఒకటి చేతిలో పెట్టాలి. మీరు ఎక్కడైనా కొత్తగా ఒక బృందంలో చేరబోతుంటే, ఇదే కొలత పెట్టుకోండి. దాంతోపాటు రెండు ప్రశ్నలు అడగండి: తీసింది ఎక్కడికి వెళ్తుంది? పోయినసారి చేసిన చోటు ఇప్పుడెలా ఉంది? చూపించడానికి తీసుకెళ్తే మంచి బృందమే.

ఎంతవరకు వచ్చింది

మంచి మూల నిలబడింది. అక్కడ జమ్ము ముందుకు జరిగింది, వంతులున్న అంచులో గుర్రపుడెక్క గుంపు కట్టలేకపోతోంది. కానీ చెరువంతా అలా లేదు. వంతులు తీసుకున్నవాళ్లు లేని వైపు మళ్లీ సగానికి పైగా మూసుకుపోయింది. రెండు వైపులకూ ఒకే నీళ్లు, ఒకే యంత్రం. తేడా వంతులదే అని నా అంచనా. నీళ్ల లోతులోనూ కొంత తేడా ఉంది కాబట్టి అంతకుమించి గట్టిగా చెప్పను.

మురుగు కాలువ ఇంకా చెరువులోకే వస్తోంది. అది ఆగనంత కాలం గుర్రపుడెక్కకు తిండి అందుతూనే ఉంటుంది, పీకే పనికి అంతు ఉండదు. దానిమీద గతంలో ఎన్నో వినతిపత్రాలు వెళ్లాయి. ఈసారి మాస్టారి నోట్‌బుక్, ఆ నాలుగు చోట్ల ఫొటోలు తీసుకెళ్లాం. ఏ రోజుల్లో కాలువ పొంగిందో, ఆ తర్వాత తూము దగ్గర తేట ఎంత పడిపోయిందో పక్కపక్కనే ఉన్నాయి. సంబంధిత ఇంజినీరు పేజీలు తిప్పి, ఇవి ఎవరు రాశారని అడిగి, తర్వాతి వారం స్వయంగా వచ్చి చూశారు. మళ్లింపు పని ఇంకా కాగితాల్లోనే ఉంది.

మూసుకుపోయిన వైపుకు వచ్చే నెల యంత్రం వస్తుందంటున్నారు. వచ్చాక జనాన్ని పోగేద్దాం అని నిర్వాహకుడి ఆలోచన. యంత్రం వెళ్లిన మొదటి రెండు వారాల్లోనే తునకలన్నీ వేళ్లు నిలదొక్కుకుంటాయి కాబట్టి, అది రాకముందే రాళ్ల మీద అంకెలు వేసి వంతులు పంచేయమన్నాను. పెయింటు తెచ్చారు.